పాత అమెరికను కారు: ఆనవాళ్లు, మరమ్మతు

నెల్లూరు జిల్లా బోగోలు మండలములోని జువ్వలదిన్నె సముద్రతీర గ్రామము. చేపల వేటకు, ఇటీవల అచట నిర్మింపబడిన మత్స్యరేవుకు అది పేరు పొందినది. పడవలు, వలలు, పడవలకు బిగించు డీజిలు మరలు అచటివారికి పరిచితములు. అట్టి తీరమును ప్రస్తావించి అమెరికాలో పుట్టిన మోటారు కారును గూర్చి వ్యాసము వ్రాయుట విడ్డూరముగా తోచవచ్చును. కాని ఈ వ్యాసమునకు కారణమైన కారు ఆ ఊరికి దగ్గరలోనే, మా బంధువులలో ఒక పెద్దాయన ఇంటి దొడ్డిలో, తాటాకు కొట్టము క్రింద ఇరువది యేండ్లకు పైగా నిలిచి ఉన్నది. దాని పేరు డాడ్జి కింగ్స్‌వే. 1952లో, నెల్లూరు జిల్లా ఇంకను మద్రాసు రాష్ట్రములో ఉన్న కాలమున, మొదటిసారి రిజిస్టరైనది.

ఆ పెద్దాయన దానిని అమ్మదలచినారు. కొనుటకు వచ్చిన వ్యాపారి బండిని నలువైపులా చూచి, టేపు పెట్టి కొలిచి, ఒక పుస్తకముతో సరిచూచి, “ఇది నికార్సయిన డాడ్జి కాదండీ. ముందు భాగము డాడ్జి, ఒళ్లంతా ప్లిమత్. రెండు బండ్లను కోసి ఒకటి చేసినారు. తుక్కు ధరకైతే తీసుకొందును” అని తేల్చినాడు. ఇంట్లో కుర్రవాండ్ర ఆలోచన వేరు. పెట్రోలు ఇంజను తీసివేసి డీజిలు ఇంజను పెట్టినచో పెండ్లిండ్లకు అద్దెకు తిప్పుకొనవచ్చునని వారి వాదము. పెద్దాయనకు ఏది నిజమో, ఏది లాభమో తెలియక నన్ను పిలిపించినారు. భౌతికశాస్త్రము బోధించువాడికి మోటార్లన్నియు తెలిసియుండునని ఆయన నమ్మకము! నాకు తెలిసినది స్వల్పము. కావలి పట్టణములో ఐదు దశాబ్దములుగా మెకానిక్కు పని చేయుచున్న ఒక ఉస్తాద్ నాకు తోడు రాకపోయినచో ఈ వ్యాసము లేదు.

మొదట, ఇట్టి కార్లు మన దేశమునకు ఎట్లు వచ్చినవో తెలిసికొనవలెను. ఆనవాలు పట్టుటకు చరిత్ర అవసరము. జనరల్ మోటార్సు కంపెనీ 1928లో బొంబాయిలోని సివ్రీలో కర్మాగారము తెరచి షెవ్రొలే వంటి వాహనములను విడిభాగములుగా దిగుమతి చేసికొని ఇచట కూర్చినది. ఫోర్డు కంపెనీ తన కెనడా శాఖ ద్వారా మన దేశములో వ్యాపారము సాగించినది. కెనడా బ్రిటిషు సామ్రాజ్యములోని దేశము కావున అచటి సరుకునకు సామ్రాజ్య దేశములలో సుంకపు సౌకర్యము ఉండెడిది. మన దేశములోని పాత అమెరికను కార్లలో పెక్కింటికి స్టీరింగు కుడివైపున ఉండుటయు, కొన్నింటి భాగములు అమెరికా పుస్తకములలోని కొలతలకు సరిపోకుండుటయు ఇందువలననే. స్వాతంత్ర్యము వచ్చిన కాలములో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయి కుర్లాలో క్రైస్లర్ కంపెనీ వారి డాడ్జి, ప్లిమత్, డిసోటో వాహనములను కూర్చసాగినది. కలకత్తా చెంత హిందుస్థాన్ మోటార్సువారు స్టూడిబేకరును కూర్చినారు. 1953లో టారిఫ్ కమిషను సిఫారసు ననుసరించి, దేశములోనే భాగములు తయారుచేయు ప్రణాళిక లేని కంపెనీలు కేవలము కూర్పు పని చేయరాదని ప్రభుత్వము నిర్ణయించినది. ఫోర్డు, జనరల్ మోటార్సు మూటముల్లె సర్దుకొన్నవి. ఆపైన దిగుమతుల ఆంక్షలు బిగిసినవి. కావుననే 1950ల తరువాతి అమెరికను కారు మన జిల్లాలలో కనబడుట అరుదు. ఉన్నవాటిలో మేలైనవి సంస్థానాధీశుల ఇండ్ల నుండి ప్రదర్శనశాలలకు చేరినవి. హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియములో రోల్స్‌రాయిస్ ప్రక్కన ఒక ప్యాకార్డు కారు కూడ ఉన్నది. మిగిలినవి ఇట్లు తాటాకు కొట్టముల క్రింద ఉన్నవి.

ఇక వ్యాపారి లేవనెత్తిన సందేహము. డాడ్జి సోదరులు తమ పేర మొదటి కారును 1914లో విడుదల చేసినారు. 1928లో క్రైస్లర్ కంపెనీ ఆ సంస్థను కొనివేసినది. అదే సంవత్సరము ప్లిమత్, డిసోటో అను రెండు కొత్త పేర్లను కూడ ప్రారంభించినది. ప్లిమత్ చౌక, డాడ్జి అంతకు ఒక మెట్టు పైది. అమెరికాలో ఈ రెండింటికి శరీరపు కొలతలు వేరు. కాని విదేశములలో ప్రతి డీలరుకును అమ్ముకొనుటకు ఒక చౌక బండి కావలెను గదా! అందుచే కంపెనీ ఒక ఉపాయము పన్నినది. ప్లిమత్ శరీరమునే తీసికొని, దాని ముందు డాడ్జి జాలీ, డాడ్జి చిహ్నములు తగిలించి డాడ్జి కింగ్స్‌వే అన్నది. అదే శరీరమునకు డిసోటో అలంకారములు పెట్టి డిసోటో డిప్లొమాట్ అన్నది. మన దేశములో ప్రీమియర్ వారు అమ్మిన ప్లిమత్ శావోయ్, డాడ్జి కింగ్స్‌వే, డిసోటో డిప్లొమాట్ మూడును ఒక్క తల్లి బిడ్డలే. పేరు మారినది, పైన బొమ్మ మారినది, ఎముకలు మారలేదు.

కావున టేపు తప్పు చెప్పలేదు, వ్యాపారి దానిని తప్పుగా చదివినాడు. ముందు చక్రపు నడుమ నుండి వెనుక చక్రపు నడుమ వరకు గల దూరమును వీల్‌బేసు అందురు. 1951–52 నాటి అమెరికా డాడ్జి కారొనెట్ వీల్‌బేసు 123½ అంగుళములు. ప్లిమత్ కేంబ్రిడ్జి, క్రాన్‌బ్రూక్‌లది 118½ అంగుళములు. కొట్టములోని కారును మేము ఉదయపు నీడలో రెండు వైపులా కొలిచితిమి. రెండు వైపులా 118½ వచ్చినది. రెండు బండ్లను కోసి అతికినచో రెండు వైపుల కొలత ఇట్లు సరిపోవుట కష్టము. ఉస్తాద్ అంతటితో ఊరకొనలేదు. చాప పరచుకొని బండి క్రిందికి దూరి, చాసిస్ పట్టాలను చివర నుండి చివరకు వ్రేలితో తడవి చూచినారు. వెల్డింగు గుర్తు గాని, కొత్త రివిట్టు గాని లేదు. “కోసిన బండి కాదు సార్. తల్లి కడుపులోంచి ఇట్లానే వచ్చింది” అన్నారు.

వ్యాపారికి మొదట అనుమానము కలిగించినది మరియొకటి. బానెట్టు కొసన డాడ్జి చిహ్నమైన పొట్టేలు ఉన్నది. కాని చక్రముల మూతలలో రెండింటిపై ఓడ బొమ్మ ఉన్నది. ఆ ఓడ ప్లిమత్ కారు చిహ్నము. 1620లో ఇంగ్లండు నుండి అమెరికాకు వలసదారులను మోసికొనిపోయిన మేఫ్లవర్ అను తెరచాప నావ అది. (తీరవాసుల యింట ఓడ గుర్తు కారు ఉండుట సబబే గదా అని పెద్దాయన హాస్యమాడినారు.) ఇట్టి మూతలు, అద్దములు, బిళ్లలు రోడ్డు మీద పోవును, దొరికినది తగిలింతురు. వాటిని బట్టి కారు కులగోత్రములు నిర్ణయింపరాదు.

మరి దేనిని బట్టి నిర్ణయింపవలెను? క్రైస్లర్ వారి కార్లలో ఇంజను అంకె బ్లాకు ఎడమ ప్రక్కన, ముందుభాగమున, డైనమోకు పైన చెక్కియుండును. దాని మొదటి అక్షరము వంశమును తెలుపును. ఇంగ్లీషు పి అక్షరము ప్లిమత్‌ది, డి డాడ్జిది, ఎస్ డిసోటోది, సి క్రైస్లరుది, టి లారీది. పాత కారులో టి అక్షరమున్న ఇంజను కనబడినచో అది ఏదో ఒకనాడు డాడ్జి లేక ఫార్గో లారీ నుండి ఎక్కినదని అర్థము. కారు వరుస సంఖ్య వేరొకటి, ముందు తలుపు బందులుండు స్తంభముపై రేకు బిళ్లకు చెక్కియుండును. నేటి వలె 17 అక్షరములుండు గుర్తింపు సంఖ్య అమెరికాలో 1981 మోడళ్ల నుండి మాత్రమే వచ్చినది, పాత కార్లలో దానికై వెదకుట వ్యర్థము. ఈ అంకెలు రంగు పొరల క్రింద మూసికొనిపోయి ఉండును. అపుడు కొందరు ఆకురాయితో, గ్రైండరుతో గీకుదురు. అంతకంటె పెద్ద తప్పు లేదు. లోతు తక్కువగా చెక్కిన అంకె ఒక్క రాపిడితో అరిగిపోవును, అంకె చెరిపిన బండి దొంగబండి క్రింద లెక్కకు వచ్చును. రంగు కరిగించు ద్రావకము పూసి, గుడ్డతో తుడిచి, సుద్దపొడి రుద్దవలెను. పల్లములలో సుద్ద నిలిచి అంకె తెల్లగా తేలును. దానిపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో అచ్చు తీసి ఉంచుకొనవలెను. మేము తీసిన అచ్చు ఆర్సీ పుస్తకములోని అంకెతో అక్షరాక్షరము సరిపోయినది.

షెవ్రొలే కార్లలో ఇంజను బ్లాకు పోతపై తేదీ గుర్తు కూడ ఉండును. ఏ అక్షరము జనవరి, బి ఫిబ్రవరి, ఈ వరుసన నెల, దాని ప్రక్క దినము, సంవత్సరము. కారు కంటె ఇంజను చిన్నదో పెద్దదో దీనితో తేలిపోవును. ఫోర్డు సంగతి మరియొకప్పుడు.

అంకె దొరికినంత మాత్రమున భాగములు తెప్పించుటకు తొందరపడరాదు. ఈ ఇంజను ఆరు సిలిండర్లది. వాల్వులు హెడ్డులో కాక బ్లాకులోనే ప్రక్కన నిలిచి ఉండును. హెడ్డు బల్లపరుపుగా ఉండుటచే దీనిని ఫ్లాట్‌హెడ్ అందురు. క్రైస్లర్ వారి ఫ్లాట్‌హెడ్ ఆరు సిలిండర్ల ఇంజన్లు రెండు నిడివులలో ఉన్నవి. అమెరికా ప్లిమత్, డాడ్జిలలో హెడ్డు పొడవు సుమారు 23 అంగుళములు, కెనడాలో తయారైనవాటిలో సుమారు 25. అమెరికా ప్లిమత్ ఇంజను సిలిండరు వ్యాసము 3¼ అంగుళములు, పిస్టను నడక 4⅜ అంగుళములు. లెక్కించినచో 217.8 ఘనపు అంగుళములు, అనగా సుమారు 3.57 లీటర్లు. కెనడా ఇంజను వ్యాసము 3⅜, నడక 4¹⁄₁₆, మొత్తము 218 ఘనపు అంగుళములు. మొత్తము దాదాపు సమానము, కాని ఒకదాని పిస్టను, హెడ్ గాస్కెట్ మరొకదానికి రావు. “218 ఇంజను గాస్కెట్” అని ఉత్తరము వ్రాసి తెప్పించుకొన్నవాడు ఏది వచ్చునో దైవాధీనము. విద్యార్థులు ఈ రెండు గుణకారములను స్వయముగా చేసి చూడవలెనని నా కోరిక. సమానమైన ఘనపరిమాణము సమానమైన వస్తువును సూచింపదను మాట ఇంతకంటె బాగుగా బోధపడదు. మేము హెడ్డు కొలువగా 23 అంగుళములు తేలినది, గాస్కెట్‌ను ఆ ప్రకారము తెప్పించితిమి.

డీజిలు ఇంజను ప్రసక్తికి వత్తము. కుర్రవాండ్రు అన్నది నిరాధారము కాదు. ఈ బండి లీటరు పెట్రోలుకు ఆరేడు కిలోమీటర్లకు మించి నడవదు. ఒకప్పుడు మద్రాసులో సింప్సన్ వారు తయారుచేసిన పెర్కిన్స్ డీజిలు ఇంజన్లు లభ్యమైన కాలమున ఎందరో తమ పెద్ద కార్లకు అట్టి ఇంజన్లు పెట్టించుకొన్నారు. వారిని తప్పుపట్టుట సులభము. కాని ఆ మార్పు లేకున్నచో అనేక కార్లు ఆనాడే తుక్కుకు పోయెడివని ఉస్తాద్ వాదము, నేను దానిని కాదనలేను. అయితే ఆ మార్పునకు ఇంజను నిలుచు అడ్డదూలమును కోయవలెను, గేరుపెట్టె మార్చవలెను, బరువు పెరుగును గనుక ముందు స్ప్రింగులు మార్చవలెను. కోసిన దూలము మరల రాదు.

నేడు చట్టము కూడ ఈ విషయమున కన్ను వేసి ఉన్నది. కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో మోటారు వాహనముల నియమావళికి వింటేజ్ వాహనములను గూర్చి కొత్త నియమములు చేర్చినది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏండ్లు దాటినదై, అసలు రూపములోనే పోషింపబడి, చాసిస్, శరీరము, ఇంజను గణనీయముగా మార్చబడని రెండు, నాలుగు చక్రముల వాహనము వింటేజ్ అనిపించుకొనును. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము, గడువు 10 సంవత్సరములు. సంఖ్యాఫలకముపై రాష్ట్రపు అక్షరముల తరువాత వీఏ అను అక్షరములుండును. ఇట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనము పోయించుకొనుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవచ్చును. దైనందిన వాడుకకు గాని, అద్దెకు గాని వీలులేదు. పెండ్లి అద్దెల ఆశ ఇచటనే ఆగిపోయినది. డీజిలు పెట్టినచో వింటేజ్ హోదా పోవును, హోదా పోయినచో అరువది యేండ్లు దాటిన పెట్రోలు కారు విలువ పాత ఇనుము విలువయే. కుర్రవాండ్రు కొంత గొణిగినారు, తరువాత వారే పానాలు పట్టుకొని వచ్చినారు.

మరమ్మతు మొదలైనది. తీరప్రాంతములో మొదటి శత్రువు ఉప్పు. ఇనుము త్రుప్పు పట్టుటకు గాలిలోని ఆక్సిజను, తేమ రెండును కావలెను. తేమలో ఉప్పు కరిగినపుడు ఆ నీరు విద్యుత్తును బాగుగా ప్రవహింపజేయును, త్రుప్పు పట్టు రసాయనిక చర్య వేగము హెచ్చును. అంతియేగాక క్లోరైడు కణములు త్రుప్పు పొర క్రిందకు చేరి అచటనే నిలిచిపోవును. పైన రంగు వేసినను లోపల పని సాగుచునే ఉండును. ఈ కారులో తలుపుల క్రింది గుమ్మపు రేకులు, నేలరేకులు తినివేయబడినవి. పైకప్పు మాత్రము కొత్త దాని వలె ఉన్నది. నీరు నిలుచు చోటనే రోగము!

ఇచట ఒక ప్రలోభము కలదు. మన తీరములో ఫైబరు పడవల పని తెలిసినవారు సమృద్ధిగా ఉన్నారు. చిల్లు పడిన రేకు మీద ఫైబరు గుడ్డ పరచి, రెసిను పూసి, పుట్టీ పెట్టి, రంగు వేసినచో ఒక్క పూటలో నున్నగా వచ్చును, ఖర్చు స్వల్పము. కాని క్రింద త్రుప్పు అట్లే ఉండును, గాలి తగలక తేమ పట్టుకొనియుండును. రెండు మూడు వానాకాలములకు ఫైబరు పలక ఊడి చేతికి వచ్చును, అపుడు చిల్లు చేటంత. పడవకు ఫైబరు ఒళ్లే, ఇనుపకారుకు అది ముసుగు. త్రుప్పు పట్టిన రేకును మంచి ఇనుము కనబడువరకు కత్తిరించి, అదే మందపు రేకును అదే వంపులో కొట్టి వెల్డు చేయుట ఒక్కటే మార్గము. దీనిని టింకరింగు అందురు. ఉస్తాద్ తమ్ముని కుమారుడు ఇసుక సంచీ మీద, కొయ్య సుత్తితో, గుమ్మపు రేకును పదునొకండు దినములలో వంచినాడు. వెల్డింగునకు ముందు ఆ భాగమును మంచినీటితో పలుమార్లు కడిగి ఆరబెట్టించితిమి. ఉప్పు కడుగకుండ ప్రైమరు పూయుట పుండు కడుగకుండ కట్టు కట్టుట వంటిది.

ఉప్పు బయట మాత్రమే లేదు, లోపలను ఉన్నది. పూర్వము రేడియేటరులో ఏ నీరు దొరికిన ఆ నీరే పోసినారు. తీరములోని బావులలో చవుటి నీరు సామాన్యము. ఈ ఇంజనులో దాని ఫలితము తెలియవలెనన్నచో ఒక రహస్యము తెలియవలెను. నీటి పంపు వెనుక, బ్లాకు లోపల, ముందు నుండి వెనుకకు ఒక పలుచని పొడవైన గొట్టమున్నది. దానికి ఒక్కొక్క వాల్వుకు ఎదురుగా రంధ్రములుండును. పంపు నుండి వచ్చిన చల్లని నీటిని అది నేరుగా వాల్వుల చుట్టును పంచిపెట్టును. ఈ గొట్టము త్రుప్పు పట్టి మూసికొనిపోయినచో ముందు సిలిండర్లకు నీరందును, వెనుక వాటికి అందదు. రేడియేటరు చల్లగానే ఉన్నట్లు కనబడును, లోపల ఐదవ, ఆరవ సిలిండర్ల వాల్వులు కాలిపోవును. ఎందరో మెకానిక్కులు వాల్వులు మార్చుదురు, మరల కాలును, మరల మార్చుదురు. ఈ గొట్టమున్నదని తెలియకపోవుటయే కారణము. అది బయటికి కనబడదు, రేడియేటరును, పంపును దించిన తరువాత గాని దాని అంచు కానరాదు. మేము కొక్కెముతో లాగగా అది ముక్కలు ముక్కలుగా వచ్చినది. చివరి జానెడు ముక్కకై రెండు దినములు పట్టినది. కొత్తది ఇత్తడి రేకుతో ఉస్తాద్ స్వయముగా చేసినారు. రంధ్రముల స్థానమునకు పాత ముక్కలను బల్లపై వరుసగా పేర్చి కాగితముపై అచ్చు తీసికొన్నారు. పాత ముక్కలను పారవేయుటకు ఒప్పుకొనలేదు. “ఇవి పోతే రేపు నా పనిలో తప్పు ఏందో ఎవరు చూస్తారు సార్?” అన్నారు. ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది.

ఇక విద్యుత్తు. నేటి కార్లకు 12 వోల్టులు, దీనికి 6 వోల్టులు. పైగా బ్యాటరీ ధనధ్రువము బండి ఇనుముకు కలుపబడును, నేటి పద్ధతికి అది విరుద్ధము. తెలియనివారు ఋణధ్రువమును కలిపినచో ఎమ్మీటరు తలక్రిందులుగా చూపును, డైనమోకు, కట్‌అవుటుకు హాని కలుగును. కాని ఎక్కువ కష్టము తీగలతో వచ్చును. ఒకే శక్తికి వోల్టులు సగమైనచో ప్రవాహము రెట్టింపగును. తీగలో వృథాయగు శక్తి ప్రవాహపు వర్గమును బట్టి ఉండును గనుక అదే తీగలో నష్టము నాలుగింతలగును. ఒక ఉదాహరణ చూడుడు. స్టార్టరు తీగకు నూరవ వంతు ఓము నిరోధమున్నదనుకొందము. 12 వోల్టుల బండిలో 75 ఆంపియర్లు ప్రవహించినచో తీగలో ముప్పాతిక వోల్టు పోవును, పన్నెండింటిలో అది పదునారవ వంతు. 6 వోల్టుల బండిలో అదే శక్తికి 150 ఆంపియర్లు కావలెను, ఒకటిన్నర వోల్టు పోవును, అనగా ఆరింటిలో నాలుగవ వంతు. ఈ కారుకు ఎవరో ట్రాక్టరు దుకాణపు సన్నని తీగ వేసియుండిరి. సెల్ఫ్ కొట్టినచో ముసలివాని దగ్గు వలె ఒక చప్పుడు వచ్చి ఆగిపోయెడిది. బొటనవ్రేలంత లావు తీగ వేసి, కొసలు శుభ్రము చేసి బిగింపగా స్టార్టరు చురుకుగా తిరిగినది. స్టార్టరు చెడిపోయినదని, 12 వోల్టులకు మార్చవలెనని అంతకు ముందు సలహా యిచ్చిన వారు ఇద్దరున్నారు.

మరల సంగతి కొంత చెప్పవలెను. బ్రిటిషు పాత కార్లలోని విట్‌వర్తు మర పళ్ల కోణము 55 డిగ్రీలు, అమెరికా మరలది 60 డిగ్రీలు. పావు అంగుళపు బోల్టుకు రెండింటిలోను అంగుళమునకు 20 పళ్లే, కాబట్టి ఒకదాని నట్టు మరొకదానికి ఎక్కినట్లే ఎక్కి, బిగించిన కొలది పళ్లను తినివేయును. అర అంగుళమునకు విట్‌వర్తులో 12, అమెరికాలో 13 పళ్లు, ఇది రెండు చుట్లకే పట్టివేయును గనుక మేలు. పాత సామానుల దుకాణములో డబ్బాలో చేయిపెట్టి బోల్టు ఏరువారు పళ్ల గేజీ వెంట తీసికొనిపోవలెను.

నా స్వంత తప్పిదమొకటి ఒప్పుకొందును. ముందు ఎడమ చక్రము ఊడదీయుటకు నేనే పానా పట్టితిని. బోల్టు కదలలేదు. పానాకు గొట్టము తగిలించి బలముగా ఎడమకు త్రిప్పితిని. టప్పున విరిగినది. రెండవదియు అట్లే విరిగినది. అపుడు ఉస్తాద్ టీ గ్లాసు దించి వచ్చి, తల అడ్డముగా ఊపి, మూడవదానిని కుడికి త్రిప్పినారు, మెత్తగా వచ్చినది. ఆ కాలపు క్రైస్లర్ కార్లలో ఎడమ ప్రక్క చక్రపు బోల్టులకు మర తలక్రిందు, కుడి ప్రక్కవాటికి మామూలు. చక్రపు భ్రమణముచే బోల్టు వదులు కాకుండుటకు చేసిన ఏర్పాటది. బోల్టు తలపై ఇంగ్లీషు ఎల్ అక్షరము ఉన్నది, గ్రీజు మురికి తుడిచి చూచియుండిన కనబడెడిదే. ఆ రెండు బోల్టులు లేతు మీద చేయించుటకు నా జేబు నుండియే ఇచ్చితిని.

వెనుక చక్రములలో ఇంకొక ఉచ్చు కలదు. బ్రేకు డ్రమ్ము ఇరుసు కొసన మొనదేలిన భాగముపై బిగిసియుండును. దానిని సుత్తితో కొట్టి తీయరాదు. దెబ్బ ఇరుసు గుండా పోయి లోపలి బేరింగులను, నడుమనున్న దిమ్మను పాడుచేయును. బలమైన పుల్లరు బిగించి, మరను గట్టిగా త్రిప్పి, ఒక రాత్రి అట్లే వదలివేయవలెను. మాకు తెల్లవారుజామున ఫిరంగి ప్రేలినట్లు చప్పుడై డ్రమ్ము వదలినది, ఇంటిల్లిపాది లేచి కూర్చుండిరి. బ్రేకులు హైడ్రాలిక్కువి, ముందు చక్రమునకు రెండేసి సిలిండర్లు. కాని మాస్టరు సిలిండరు ఒక్కటే, ఎక్కడ గొట్టము తెగినను నాలుగు చక్రముల బ్రేకులు ఒక్కసారిగా పోవును. కావున వేరే విషయములలో పాతది వాడినను, బ్రేకు గొట్టములు, రబ్బర్లు అన్నియు కొత్తవి వేయించితిమి. అసలుతనము పేరిట ప్రాణమును పందెము వేయరాదు గదా.

పెట్రోలును గూర్చి ఒక్క మాట. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపబడుచున్నది. అది పాత రబ్బరును మెత్తపరచును, గాలిలోని తేమను పీల్చికొనును. తీరప్రాంతములో నెలలు నిలుచు బండికి ఇది రెండింతల కీడు. పెట్రోలు గొట్టములను ఇథనాలును తట్టుకొను రబ్బరుతో మార్చి, టాంకులో ఎక్కువ కాలము పెట్రోలు నిలువ ఉంచకుండుట మేలు. సీసము లేని పెట్రోలుకు వెరవనక్కరలేదు, ఈ ఇంజను ఒత్తిడి నిష్పత్తి 7 మాత్రమే, ఎగ్జాస్టు వాల్వుల క్రింద గట్టి ఉక్కు పీటలు కంపెనీవారే వేసియున్నారు.

ఊడదీసిన ప్రతి భాగమును, విరిగినదైనను, నూనె పూసి, గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, మూడు కిరోసిను డబ్బాలలో పెట్టితిమి. ఏ తేదీన ఏది తీసి ఏది వేసితిమో ఒక నోటుపుస్తకములో వ్రాసితిమి. వింటేజ్ రిజిస్ట్రేషను దరఖాస్తుకు బండి చరిత్ర కావలసి వచ్చినపుడు, పెన్సిలు అచ్చుల ప్రక్కన, ఆ పుస్తకము ఉపయోగించును. ఆ పుస్తకమున మొదటి పేజీలో కుర్రవాండ్రలో ఒకడు మూడు కార్ల పేర్లు, ఒకే వీల్‌బేసు కొలత వ్రాసి పెట్టినాడు. మరల ఎవరైనను టేపుతో వచ్చినచో చూపుటకట.

వ్యాపారి మూడు మాసముల తరువాత మరల వచ్చినాడు. ఈ పర్యాయము తుక్కు మాట ఎత్తలేదు. పెద్దాయన అతనికి టీ ఇప్పించి, ఇంజను నడిపించి వినిపించి, అమ్మకము ఇప్పట్లో లేదని చెప్పి పంపినారు. కుడి వెనుక తలుపు అద్దము ఇంకను పైకి రాదు. స్పీడోమీటరు తీగ తెగియున్నది, దానికి సరిపోవునది దొరకలేదు. ఉస్తాద్ నెల్లూరులోని పాత సామానుల దుకాణములకు కబురు పెట్టియున్నారు.